టీ సెల్స్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్‌మిల్లులో నల్లగింజలు ఏరే సార్టెక్స్ మిషన్ ఆపరేటర్‌ని. మా పాపకు నీట్‌లో రెండుసార్లు సీటు రాలేదు. ఇప్పుడు నల్లగొండలో బీఎస్సీ బయోటెక్నాలజీ సెకండియర్. టీ సెల్స్‌తో క్యాన్సర్ నయం చేసే రీసెర్చ్ చేస్తా, పీహెచ్‌డీ దాకా చదువుతా అంటోంది. చుట్టాలు బీఈడీ చేయించి పెళ్లి చెయ్యమంటున్నరు. అసలు ఎన్నేండ్లు పడతది? జీతం ఎప్పుడొస్తది?

జవాబు: టీ సెల్స్ అంటే రక్తంలో ఉండి రోగాలతో పోరాడే ఒకరకం తెల్లకణాలు. ముందు లెక్క చూద్దాం. డిగ్రీ అయ్యాక ఎంఎస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్ పేరుతో ఇంకో ల్యాబ్‌లో మూడు నాలుగేళ్లు. సొంత ల్యాబ్ ఉన్న సైంటిస్టు అయ్యేసరికి పాపకు ముప్పై నాలుగు, ముప్పై ఐదు వస్తాయి. తక్కువ చేసి చెప్పను.

అయితే అన్నేళ్లూ మీరే పోషించాలని కాదు. ఎంఎస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్‌కు అర్హత వస్తే, పీహెచ్‌డీ చేస్తుండగా ఐదేళ్ల వరకు నెలనెలా ఫెలోషిప్ డబ్బు ఇస్తారు. ఇప్పుడది నెలకు 37,000, రెండేళ్లయ్యాక 42,000, ఇంటద్దె వేరు. ఆ ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరతానంటే మాత్రం నేను వద్దంటాను.

ఇక పని ఎలా ఉంటుందో మీకు తెలిసిన మిషన్‌తోనే చెప్తాను. మీ సార్టెక్స్‌లో బియ్యం ధారగా జారుతుంటే కెమెరా గింజ గింజనూ చూస్తుంది, నల్లగింజ కనబడగానే గాలి కొట్టి పక్కకు నెడుతుంది. రోగనిరోధక శక్తి మీద పనిచేసే ఇమ్యునాలజీ ల్యాబుల్లో సెల్ సార్టర్ అని ఒకటుంటుంది. కణాలకు మెరిసే రంగు అంటించి, సన్నటి ధారలో ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపిస్తారు. మెరుపును బట్టి ఏది టీ సెల్లో, ఏది కాదో అది విడదీస్తుంది. గాలికి బదులు కరెంటుతో పక్కకు లాగుతుంది, అంతే తేడా.

దానికి ముందు చేతిపని చాలా ఉంటుంది. గొట్టంలో ఫైకాల్ అనే ద్రవం పోసి, దాని మీద రక్తాన్ని కలవకుండా మెల్లగా వదలాలి. సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిప్పే మిషన్‌లో అరగంట తిప్పితే పైన పసుపురంగు ప్లాస్మా, అడుగున ఎర్రకణాలు, నడుమ పాల తొరక లాంటి సన్నటి తెల్లపొర. టీ సెల్స్ ఉండేది ఆ పొరలోనే. తొందరపడి మిషన్‌కు బ్రేక్ వేస్తే పొరలు కదిలి కలిసిపోతాయి, మళ్లీ మొదటికి రావాలి. పైగా ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో పెంచే కణాలకు రెండు మూడు రోజులకోసారి కొత్త ద్రవం పోయాలి. సద్దుల బతుకమ్మ రోజైనా సరే!

ఇదంతా అమెరికాలో జరిగే పని అనుకోకండి. రోగి టీ సెల్స్‌ను బయటికి తీసి, వాటిలో కొత్త జన్యువు పెట్టి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కించడాన్ని కార్-టీ థెరపీ అంటారు. అమెరికాలో మొదటి కార్-టీ మందుకు 2017లో అనుమతి వచ్చినప్పుడు దాని ధర 4,75,000 డాలర్లు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ల పరిశోధనలోంచి వచ్చిన నెక్స్‌కార్19కు 2023లో మన దేశంలో అనుమతి దొరికింది. ఖర్చు అక్కడితో పోలిస్తే సుమారు పదో వంతు. అదీ కొన్ని రకాల బ్లడ్ క్యాన్సర్లకే. గడ్డలుగా వచ్చే క్యాన్సర్ల మీద ఈ కణాలు ఇంకా అంత బాగా పనిచేయడం లేదు. మీ పాప తరానికి మిగిలిన పని అక్కడే ఉంది.

నాకున్న అనుమానం ఒకటే. ఇది నిజంగా ఇష్టమా, నీట్ పోయిన బాధలోంచి వచ్చిన మాటా? తేలాలంటే ఒక వేసవి ల్యాబ్‌లో గడపాలి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి, నోటిఫికేషన్ చూసి దరఖాస్తు చేయించండి. డబ్బు కట్టించుకుని పదిహేను రోజుల్లో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్ల దగ్గరికి మాత్రం పంపొద్దు. అలా పన్నెండు వేలు కట్టిన ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది, ద్రవాన్ని కొలిచి తీసే పైపెట్ కూడా పట్టుకోనివ్వలేదట.

డిగ్రీ ఫైనలియర్‌లో ఎంఎస్సీ ప్రవేశ పరీక్షలు గాట్-బీ, జామ్ రెండూ రాయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి మంచి ల్యాబులున్న చోట ఎంఎస్సీ సీటు వస్తే సగం పని అయినట్టే. ఆ తర్వాత పీహెచ్‌డీ వద్దనుకున్నా సెల్ కల్చర్, అంటే ల్యాబ్‌లో కణాలు పెంచే పని, తెలిసినవాళ్లకు హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీ బయోటెక్ కంపెనీల్లో ఉద్యోగాలుంటాయి, మొదట్లో జీతం తక్కువే. బీఈడీ ఎక్కడికీ పోదు, రెండేళ్లాగి అయినా చేయొచ్చు. పెళ్లి మీ ఇంటి సంగతి. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు బోలెడుమంది.

ఈ ఆదివారం పాపను మిల్లుకు తీసుకెళ్లి సార్టెక్స్ చూపించండి. కార్-టీ ఎలా పనిచేస్తుందో అక్కడే నిలబడి మీకు తెలుగులో చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే సమ్మర్ ఫెలోషిప్ దరఖాస్తులో రాయాల్సింది సగం తయారైనట్టే.