ఆటోక్యాడ్, ఫొటోషాప్ అన్నీ ఒకేసారి నేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా రెండో ఏడాది పూర్తి చేసింది. ఆటోక్యాడ్, త్రీడీఎస్ మ్యాక్స్, ఫొటోషాప్, కోరల్‌డ్రా నాలుగూ కలిపి మూడు నెలల్లో నేర్పిస్తామని మా ఊళ్లో ఒక శిక్షణ సంస్థ వారు చెబుతున్నారు. అమ్మాయికి బొమ్మలు వేయడమంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఫీజు కట్టమంటారా?
– ఒక తండ్రి, తణుకు

జవాబు: నాలుగింటికీ కలిపి ఫీజు కట్టవద్దు. మీ అమ్మాయి చదువుతున్నది సివిల్ కాబట్టి, వచ్చే ఆరు నెలలూ ఆమెను కట్టడాల ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ ఒక్కదాని మీదే శ్రద్ధ పెట్టనివ్వండి. ఫొటోషాప్, కోరల్‌డ్రా ఆమెకు పనికిరావని నా ఉద్దేశం కాదు. గ్రాఫిక్ డిజైన్ (పోస్టర్లు, కార్డులు రూపొందించడం), డ్రాఫ్టింగ్ (కట్టడాల ప్లాన్లు గీయడం) రెండూ తెర మీద గీసే పనులే అయినా, వాటిలో తప్పొప్పులు తేలే చోట్లు వేరు. పోస్టరు చూసినవారికి చెప్పదలచిన విషయం వెంటనే అందాలి. ప్లాన్ పట్టుకున్న మేస్త్రీ, గీసినవారికి ఫోన్ చేయనవసరం లేకుండా గోడ కట్టగలగాలి. ఈ రెండు దృష్టులనూ మూడు నెలల్లో ఒకేసారి అలవరచుకోవడం ఎవరికైనా కష్టమే.

ఆటోక్యాడ్‌లో లైన్, ఆఫ్‌సెట్, ట్రిమ్, ఫిల్లెట్ వంటి కమాండ్లు కొద్ది వారాల్లోనే చేతికి వస్తాయి. చాలా సంస్థల్లో శిక్షణ అక్కడితోనే ఆగిపోతుంది, అసలు పని మాత్రం అక్కడే మొదలవుతుంది. చేతితో గీసేటప్పుడు ముందుగా స్కేలు నిర్ణయించుకుని గీస్తాం. ఆటోక్యాడ్‌లో డ్రాయింగ్ గీసే చోటైన మోడల్ స్పేస్‌లో మాత్రం ప్రతిదీ అసలు కొలతతోనే గీయాలి. తొమ్మిది అంగుళాల గోడ అయితే 230 మిల్లీమీటర్లు, నాలుగున్నర అంగుళాల అడ్డగోడ అయితే 115 మిల్లీమీటర్లు. స్కేలు ప్రసక్తి వచ్చేది ప్రింటు తీసే షీటు అయిన లేఅవుట్‌లో, డ్రాయింగ్ కనిపించే కిటికీ వంటి వ్యూపోర్ట్‌కు 1:100 (అసలులో వందో వంతు) అని ఇచ్చినప్పుడే. కాగితం మీద 2.5 మిల్లీమీటర్ల ఎత్తు ఉండవలసిన అక్షరాన్ని మోడల్ స్పేస్‌లో రాస్తే దాని ఎత్తు 250 మిల్లీమీటర్లు పెట్టాలి. ఈ సంగతి తెలియని విద్యార్థి గీసిన ప్లాన్ తెర మీద ముచ్చటగా కనిపించినా, 594 × 841 మిల్లీమీటర్ల ఏ1 షీటు మీద ప్రింటు తీసేసరికి కొలతలు భూతద్దం లేనిదే చదవలేనంత చిన్నవిగా వస్తాయి.

ఇంకొక చెడ్డ అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. గది పొడవు 3580 వచ్చినప్పుడు గోడను సరిచేయకుండా, కొలత గీత మీది అంకెను మార్చి 3600 అని టైపు చేసేవారున్నారు. ఆ ఫైలు మీద తరువాత పనిచేసే స్ట్రక్చరల్ ఇంజినీరు అంకెను నమ్మాలా, గీతను నమ్మాలా? డ్రాయింగ్ మీద ఒకసారి నమ్మకం పోతే దానిని మొదటి నుంచి మళ్లీ గీయవలసిందే.

డ్రాఫ్టింగ్‌కు కమాండ్లతో పాటు లెక్క కూడా కావాలి. ఉదాహరణకు అంతస్తు నుంచి అంతస్తుకు 3000 మిల్లీమీటర్ల ఎత్తు ఉండి, ఒక్కొక్క రైజర్ (మెట్టు ఎత్తు) 150 మిల్లీమీటర్లు అనుకుంటే మొత్తం 20 రైజర్లు అవుతాయి. మెట్లను రెండు సమాన ఫ్లైట్లుగా (వరుసలుగా) వేస్తే ఒక్కొక్క ఫ్లైట్‌లో 10 రైజర్లు, 9 ట్రెడ్లు (కాలు మోపే చోట్లు) ఉంటాయి. ట్రెడ్ 250 మిల్లీమీటర్లయితే, ల్యాండింగ్ (రెండు ఫ్లైట్ల మధ్య చదును) కాక, ఫ్లైట్‌కు 2250 మిల్లీమీటర్ల పొడవు కావాలి. ఈ లెక్క వేయకుండా ప్లాన్‌లో మెట్లు గీసినవారికి సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసినట్లు చూపే బొమ్మ) గీసేటప్పుడు చోటు చాలదు.

అందువల్ల మీ అమ్మాయికి నేను సూచించే మొదటి అభ్యాసం మీ ఇల్లే. టేపుతో ప్రతి గదినీ కొలిచి, నాలుగు గోడలతో పాటు రెండు కర్ణాలనూ రాసుకోమనండి. కర్ణాలు సమానంగా లేకపోతే ఆ గది మూలమట్టంలో లేదని ఆమెకే తెలుస్తుంది. ఆ కొలతలతో ప్లాన్, మెట్ల మీదుగా ఒక సెక్షన్, ముందు వైపు ఎలివేషన్ (ఎదురుగా కనిపించే రూపం), తలుపులూ కిటికీల షెడ్యూలు (పట్టిక) తయారు చేసి, ప్రింటు తీసి, ఇల్లు కట్టే మేస్త్రీ ఒకరికి చూపించాలి. ఆయన అడిగే ప్రతి ప్రశ్నా ఆ షీటులో లేని విషయమే కాబట్టి, వాటిని రాసుకుని షీటును సరిచేయాలి.

సాఫ్ట్‌వేర్ కోసం క్రాక్ కాపీల జోలికి వెళ్లవద్దు. ఆటోడెస్క్ సంస్థ అర్హులైన విద్యార్థులకు, కళాశాల ఆధారాలు పరిశీలించిన తరువాత, ఏడాది పాటు ఆటోక్యాడ్‌ను ఉచితంగా వాడుకోనిస్తుంది; అర్హత ఉన్నంత కాలం దానిని ఏటా పొడిగించుకోవచ్చు. అది నేర్చుకోవడానికే, డబ్బు తీసుకుని చేసే పనులకు కాదు.

ఇక బొమ్మల మీద ఉన్న ఇష్టం. దానిని వదులుకోవలసిన అవసరం లేదు. ప్లాన్‌ను ఆటోక్యాడ్ నుంచి పీడీఎఫ్‌గా తీసి, ఫొటోషాప్‌లో రంగులు, నీడలు, చెట్లు చేర్చి, ఇల్లు కట్టించుకునేవారికి అర్థమయ్యే ప్రెజెంటేషన్ షీటు చేయడం ఆర్కిటెక్టుల ఆఫీసుల్లో మంచి గిరాకీ ఉన్న పని. క్యాడ్ కుదురుకున్నాక ఆ దారిలో ఫొటోషాప్ నేర్చుకుంటే రెండు ఇష్టాలూ ఒకచోట కలుస్తాయి. ముద్రణ రంగానికే వెళ్లాలని ఆమె గట్టిగా అనుకుంటే మాత్రం అభ్యాసం వేరుగా ఉంటుంది: వెక్టర్‌కూ (గీతలతో కట్టిన బొమ్మ) బిట్‌మ్యాప్‌కూ (పిక్సెల్స్‌తో కట్టిన బొమ్మ) తేడా, తెర మీది ఆర్జీబీ రంగులు ముద్రణకు వాడే సీఎంవైకేలోకి మారితే ఎందుకు మసకబారతాయి, కార్డు అంచుల్లో 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు భాగం) ఎందుకు వదలాలి అన్నవి ముందు తెలియాలి. వాట్సాప్‌లో వచ్చిన 1080 పిక్సెల్స్ వెడల్పు బొమ్మను ఏ4 కాగితం నిండా పెడితే అంగుళానికి సుమారు 130 పిక్సెల్సే వస్తాయి. మంచి ముద్రణకు 300 కావాలి. మన శుభలేఖలు, ఫ్లెక్సీల పనిలో అను అనే తెలుగు ఫాంట్ల వాడకం ఎక్కువ కనుక, ప్రెస్సుకు పంపే ముందు అక్షరాలను కర్వ్స్‌గా (గీతల బొమ్మలుగా) మార్చాలి. లేకపోతే ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెలుగు ముక్క కనిపించదు. ఇవన్నీ తెలిసిన తరువాతే కోరల్‌డ్రా పనికి వస్తుంది.

ఫీజు కట్టే ముందు ఆ సంస్థకు మీరిద్దరూ కలిసి వెళ్లండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క కంప్యూటర్ ఇస్తారా, బోధించేవారు ఎప్పుడైనా ఆర్కిటెక్టు లేదా కాంట్రాక్టరు దగ్గర పనిచేశారా అని అడగండి. విద్యార్థుల షీట్లను ప్రింటు తీసి ఎర్ర కలంతో దిద్దుతారో లేదో చూడండి. ఆ దిద్దే పద్ధతి లేకపోతే అక్కడ చేర్చవద్దు. పాలిటెక్నిక్ సిలబస్‌లోనే క్యాడ్ ప్రాక్టీస్ ఉంటుంది కాబట్టి, ఆ ల్యాబ్ చూసే లెక్చరర్ గారిని వారానికి ఒక షీటు దిద్దిపెట్టమని మీ అమ్మాయినే అడగమనండి. ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు వెళ్లే నాటికి అలా దిద్దించుకున్న పది షీట్లు చేతిలో ఉంటే, సర్టిఫికెట్ కంటే ముందు వాటినే చూపించవచ్చు.