ఇత్తడి సాగుతుంది, ఉప్పు పగులుతుంది: ఎందుకు?

ప్రశ్న: పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మలు తీర్చడం చూశాను. అదే సుత్తి దెబ్బకు దొడ్డుప్పు ముక్కలవుతుంది. రెండింటిలోనూ పరమాణువులను పట్టి ఉంచేది రసాయన బంధమే కదా, మరి ఈ తేడా ఎందుకు?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: రెండూ బంధాలే అయినా వాటి తీరు వేరు. ఉప్పులో సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చివేయడం వల్ల ఏర్పడిన ధన, ఋణ అయాన్లు (విద్యుదావేశం గల పరమాణువులు) ఒకదాని పక్కన ఒకటి వరుసలు కట్టి ఎంత గట్టిగా నిలుస్తాయంటే, ఉప్పును నిప్పు మీద కరిగించడానికి సుమారు 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అయితే దెబ్బకు ఒక వరుస కొంచెం జరిగిందంటే ధనానికి ఎదురుగా ధనం, ఋణానికి ఎదురుగా ఋణం వచ్చి, అంతవరకూ పట్టి ఉంచిన విద్యుత్ బలమే విడదీసే బలంగా మారుతుంది. పగిలిన ఉప్పు పలుకును ఒకసారి భూతద్దంతో చూడండి. చదునైన ముఖాలు, నిటారైన మూలలు కనిపిస్తాయి. అవి ఆ వరుసల ఆనవాళ్లే.

ఇత్తడిలో రాగి, జింక్ పరమాణువుల బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్కదానికీ చెందకుండా లోహమంతటా తిరుగుతుంటాయి కనుక, వరుసలు జరిగినా పట్టు వదలదు, రేకు సాగుతుంది. కొట్టగా కొట్టగా గట్టిపడిన రేకును మళ్లీ కాల్చి మెత్తబరచవలసి రావడం వేరే సంగతి.

మీరు అడగకపోయినా చక్కెర గురించి చెప్పాలి. అందులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు ఎలక్ట్రాన్ జంటలను పంచుకొని సమయోజనీయ బంధాలతో అణువులవుతాయి. పలుకును నలిపినప్పుడు విడిపోయేవి ప్రధానంగా అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణలే.