టెక్ సందేహాలు: 10 లీటర్ల పెట్రోల్‌కి లీటర్ ఆయిలా? పాత సీగల్ ఇంజన్ల సంగతి

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పక్కన పెడుతున్నాను. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్నకి జవాబు రాయడం మొదలుపెడితే అది సగం పేజీ తినేసింది. పాత పడవ ఇంజన్ల మీదే వచ్చిన మరికొన్ని ప్రశ్నలు కూడా నా దగ్గర ఉన్నాయి. అన్నీ కలిపి ఇక్కడే ఇస్తున్నాను.

సౌతాంప్టన్ నుంచి: బ్యూలీలో జరిగిన పాత పడవ సామాన్ల సంతలో బ్రిటిష్ సీగల్ ‘ఫార్టీ ప్లస్’ అనే చిన్న అవుట్‌బోర్డ్ ఇంజన్ (పడవ వెనక అంచుకి బయట తగిలించేది) కొన్నాను. వయసు యాభై ఏళ్లు ఉంటుందన్నారు. ఎంత తాడు లాగినా స్టార్ట్ కావడం లేదు. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే పెట్రోల్‌లో 50:1 పాళ్లలో ఆయిల్ కలపమంది. గేర్‌బాక్స్‌లో ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉందని చెబితే సీలు పోయిందంది. నా డబ్బులు దండగేనా?

దండగ కాదు. కానీ ముందు ఆ 50:1 మాట మర్చిపోండి. ఆ పాళ్లతో పడవ మీద తిప్పితే మంచి ఇంజన్ కాస్తా లోపల బిగుసుకుని పట్టేస్తుంది.

పాత సీగల్ ఇంజన్లకి కంపెనీ చెప్పిన లెక్క 10:1. అంటే లీటర్ పెట్రోల్‌కి 100 మిల్లీలీటర్ల ఆయిల్. మన బంకుల్లో పాత స్కూటర్లకి 2టి ఆయిల్ కలిపి పోయించుకున్న తరానికి కూడా ఇది ఎక్కువగానే అనిపిస్తుంది. కారణం లోపలి కట్టుబడిలో ఉంది. ఇప్పటి ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ ఊపుతో తిరిగే ఇరుసు) బేరింగుల మీద తిరుగుతుంది, పక్కన రబ్బరు సీళ్లు ఉంటాయి. సీగల్‌లో షాఫ్ట్ తిరిగేది సాదా బుష్షుల్లో, అంటే లోహపు గొట్టాల్లో. అక్కడ అరుగుదల ఆపేదీ ఆయిలే, షాఫ్ట్ ఉండే క్రాంక్‌కేసులో గాలి లీకవకుండా పట్టి ఉంచేదీ ఆయిలే.

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బ్యురేటర్‌లో జెట్టు అనే సన్నటి రంధ్రంలోంచి పోయేది ఒట్టి పెట్రోల్ కాదు, ఆయిల్ కలిసిన పెట్రోల్. జెట్టు రంధ్రాన్ని ఆ చిక్కటి మిశ్రమానికి సరిపోయేలా పెట్టారు. మీరు ఆయిల్ తగ్గిస్తే అదే రంధ్రంలోంచి పెట్రోల్ ఎక్కువ వెళ్తుంది. గాలి కంటే పెట్రోల్ పాలు ఎక్కువై (దీన్నే రిచ్ అంటారు) ఇంజన్ తడబడుతుంది, ప్లగ్గు తడిసి నల్లబడుతుంది. తర్వాతి రోజుల్లో కంపెనీ 25:1కి మారినప్పుడు కార్బ్యురేటర్‌ని కూడా అందుకు తగ్గట్టు మార్చింది. పాతవాటిని 25:1కి మార్చుకోవచ్చు కానీ సూది, జెట్టు కూడా మార్చాలి. మీ ఇంజన్ ఏ కాలానిదో ఖాయంగా తేలేదాకా 10:1 మీదే ఉండండి. పొగ ఎక్కువ వస్తుందే తప్ప ఇంజన్‌కి హాని ఉండదు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న ఆయిల్ తీసుకోండి. అది నీటితో చల్లబడే అవుట్‌బోర్డ్‌ల కోసం చేసినది.

చాట్‌బాట్ అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అది నేర్చుకున్న రాతల్లో అవుట్‌బోర్డ్ అంటే ఎక్కువగా గత ముప్పై, నలభై ఏళ్ల ఇంజన్లే. వాటిలో పెట్రోల్‌లో ఆయిల్ కలిపే టూస్ట్రోక్ రకానికి చాలావరకు 50:1 సరైన జవాబే. గేర్‌బాక్స్ విషయంలోనూ అలాగే పొరబడింది. ఇప్పటి ఇంజన్లో ఆయిల్ తెల్లబడిందంటే నిజంగానే సీలు పోయినట్టు, వెంటనే విప్పాలి. సీగల్ గేర్‌బాక్స్‌ని మాత్రం నీళ్లు పూర్తిగా ఆగేలా కట్టనేలేదు. లోపల పోసేది 140 గ్రేడ్ చిక్కటి ఆయిల్. అందులోకి కాస్త నీరు చేరడం, రెండూ కలిసి తెల్లబడటం మామూలే. అప్పుడప్పుడూ వంపేసి కొత్తది పోయండి, ఎక్కువ రోజులు పక్కన పెట్టేముందు తప్పకుండా మార్చండి. దాన్ని బాగుచేయిస్తానని సీళ్ల కోసం డబ్బు పోయకండి.

ఈ ఇంజన్ ఎందుకు ఇలా పుట్టిందో తెలిస్తే దీని అలవాట్లన్నీ అర్థమవుతాయి. జాన్ వే-హోప్, బిల్ పినిగర్ అనే ఇద్దరు 1931లో దీన్ని డిజైన్ చేశారు. మొదట్లో వుల్వర్‌హాంప్టన్‌లోని మార్‌స్టన్ కంపెనీ తయారుచేసేది. తర్వాత తయారీ మీకు పడమరగా ఉన్న పూల్ రేవు పట్టణానికి మారింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సేనలు ఈ ఇంజన్లని వేలల్లో తీసుకున్నాయి. 1996లో తయారీ ఆగిపోయింది. లంగరు వేసిన పెద్ద పడవ దగ్గరికి మనుషుల్నీ సామాన్లనీ చేరవేసే చిన్న పడవలకి ఎక్కువగా వాడేవారు. ఆ పనికి వేగం అక్కర్లేదు, బరువుని తోసే బలం కావాలి. అందుకే 64 సీసీల బుల్లి ఇంజన్‌కి అంత పెద్ద ప్రొపెల్లర్ తగిలించి, గేరుతో నెమ్మదిగా తిప్పారు. పక్క పడవలో కొత్త ఇంజన్ సర్రున దూసుకుపోతే పోనివ్వండి. ఎదురుగాలిలో బరువైన చెక్క పడవని నెట్టుకెళ్లడంలో సీగల్ బలం కనిపిస్తుంది.

ఇక స్టార్ట్ కాకపోవడం. ఏళ్ల తరబడి మూలన పడున్న సీగల్ మొరాయించిందంటే ముందు స్పార్క్‌కి కరెంటు పుట్టించే మాగ్నెటోలోని పాయింట్లని (తెరుచుకుని మూసుకునే లోహపు కాంటాక్టులు) అనుమానించాలి. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, దాని లోహపు ఒంటిని సిలిండర్ హెడ్‌కి ఆనించండి. ప్లగ్గు రంధ్రం దగ్గర పెట్రోల్ తడి లేకుండా చూసుకోండి. నీడలో నిలబడి తాడు లాగండి. నీలంగా చిటుక్కుమంటే స్పార్క్ ఉన్నట్టే. ఏమీ కనిపించకపోతే ఫ్లైవీల్ (ఇంజన్ పైనుండే బరువైన చక్రం) తీసి పాయింట్లు చూడాలి. చాలాసార్లు వాటి మీద పల్చటి బూడిదరంగు పొర పట్టి ఉంటుంది. సన్నటి ఎమరీ కాగితంతో ఒక్కసారి రుద్ది, శుభ్రమైన అట్టముక్కని రెండింటి మధ్య పెట్టి లాగండి. అట్ట మీద నల్లటి గీత పడటం ఆగేదాకా అలా లాగాలి. తర్వాత ఫీలర్ గేజ్‌తో (ఖాళీలు కొలిచే సన్నటి రేకులు) పాయింట్ల మధ్య 0.5 మిల్లీమీటర్ల ఖాళీ పెట్టండి. ప్లగ్గు గ్యాప్ కూడా అంతే. అప్పటికీ స్పార్క్ రాకపోతే కండెన్సర్, ఆ తర్వాత కాయిల్ చూడాలి. బ్రిటన్‌లో విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి కాబట్టి టెన్షన్ పడకండి.

స్పార్క్ ఉంటే మిగిలినది కార్బ్యురేటర్. పాత పెట్రోల్ ఆవిరైపోయి జెట్టులో జిగురు మిగిల్చి ఉంటుంది. విప్పి కడగండి. తీగలు దూర్చి జెట్టు రంధ్రాన్ని పెద్దది చేయకండి.

స్టార్ట్ చేసే వరుస ఇదీ. ట్యాంకు మూత మీదున్న గాలి మర వదులు చేయండి. ఇది మర్చిపోతే ఇంజన్ కాసేపు తిరిగి ఆగిపోతుంది, ఎందుకో తెలీక మీరు ప్లగ్గులు మారుస్తూ కూర్చుంటారు. పెట్రోల్ కుళాయి తెరవండి. కార్బ్యురేటర్ మీదుండే చిన్న పుల్లని నొక్కి పెట్రోల్ తడి బయటకి కనిపించేదాకా ఉంచండి. చోక్ మూయండి. థ్రాటిల్ సగం పైన పెట్టండి. తాడు ముడిని ఫ్లైవీల్ గాడిలో ఇరికించి, చుట్టి, ఒక్క ఊపున లాగండి. లాగేముందు వెనక ఎవరూ లేకుండా చూసుకోండి, తాడు చివర విదిలించుకుని మొహానికి తగులుతుంది. స్టార్ట్ కాగానే చోక్ తెరవండి.

క్లచ్ లేని మోడళ్లకి న్యూట్రల్ ఉండదు. ఇంజన్ అందుకున్న క్షణమే ప్రొపెల్లర్ తిరుగుతుంది, పడవ కదులుతుంది. రివర్సూ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఇప్పటి ఇంజన్లకి ఉండే సేఫ్టీ తాడు దీనికి లేదు. మీరు నీళ్లలో పడిపోయినా ఇంజన్ ఆగదు, పడవ మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతుంది. లైఫ్ జాకెట్ వేసుకోండి, పడవలో నిలబడి తాడు లాగకండి, తెడ్లు పడవలోనే ఉంచండి, మొదటి కొన్నిసార్లు ఇంకొకరిని వెంట తీసుకెళ్లండి. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను: ఇవి పాటించలేకపోతే దాన్ని డ్రాయింగ్ రూమ్‌లో పెట్టుకోండి.

ఇంటి దగ్గర పరీక్షించాలంటే పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు నింపి, వాటర్ పంపు పూర్తిగా మునిగేలా దించి తిప్పండి. ఉప్పునీటిలో తిప్పి తెచ్చిన ప్రతిసారీ ఇలాగే మంచినీళ్లతో కడగాలి. ఆపేటప్పుడు పెట్రోల్ కుళాయి కట్టేసి, కార్బ్యురేటర్‌లో ఉన్నదంతా కాలిపోయేదాకా తిరగనివ్వండి. లేకపోతే పెట్రోల్ ఆవిరైపోయి అడుగున ఆయిల్ మిగిలిపోతుంది, మళ్లీ స్టార్ట్ చేయడం కష్టం.

పెట్రోల్ గురించీ ఒక మాట. ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్ అంటే 10 శాతం వరకూ ఇథనాల్ ఉన్న ఈ10. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నీటి శాతం పెరిగితే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. పడవల చుట్టూ తేమకి కొదవేముంది? ఖరీదు కాస్త ఎక్కువైనా ఈ5 రకం సూపర్ పెట్రోల్ పోయించండి, సీజన్ అయ్యాక ట్యాంకులో ఏమీ ఉంచకండి.

రెడింగ్ నుంచి: థేమ్స్ మీద తిప్పడానికి నేనూ నా స్నేహితుడూ ఒక పాత చెక్క పడవ చూశాం. లోపల స్టువర్ట్ టర్నర్ పెట్రోల్ ఇంజన్ ఉంది. తీసేసి ఎలక్ట్రిక్ మోటార్ పెట్టమంటారా?

ఇంజన్ తిరుగుతుంటే తీయకండి. స్టువర్ట్ టర్నర్ మీకు దగ్గర్లోని హెన్లీ కంపెనీయే, ఇప్పుడు నీటి పంపులు చేస్తోంది. దాని టూస్ట్రోక్ పడవ ఇంజన్లు ఆ కాలపు చెక్క పడవలతో కలిసే విలువ తెచ్చుకుంటాయి. ఇంజన్ పీకేసిన పడవని చూసి కొనుగోలుదారు ముందు అడిగే ప్రశ్న, పాత ఇంజన్ ఏదీ అని.

కానీ లోపల బిగించిన పెట్రోల్ ఇంజన్ అంటే అవుట్‌బోర్డ్ లాంటిది కాదు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. లీకైనది పైకి పోదు, పడవ అడుగున పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. కొనేముందు పెట్రోల్ పైపులు, ట్యాంకు అతుకులు, కార్బ్యురేటర్ కింద పళ్లెం ఉందా లేదా చూపించుకోండి. ప్రతిసారీ స్టార్ట్ చేసేముందు మూతలన్నీ తెరిచి, వాసన చూసి, గాలి ఆడనివ్వండి. థేమ్స్‌లో ఇలాంటి ఇంజన్ పడవ తిప్పాలంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ రిజిస్ట్రేషన్‌తో పాటు బోట్ సేఫ్టీ స్కీమ్ సర్టిఫికెట్ కావాలి. అమ్మేవాళ్ల దగ్గర ఆ సర్టిఫికెట్ ఉందో లేదో, గడువు ఎప్పటిదాకానో అడగండి. లేకపోతే బేరం అక్కడే ఆపండి.

వారం వారం కుటుంబంతో షికారు వెళ్లడమే మీకు ముఖ్యమైతే, రిపేర్ల మీద ఆసక్తి లేకపోతే, ఈ పడవ జోలికి పోకుండా మొదటి నుంచీ ఎలక్ట్రిక్ ఉన్నదే కొనుక్కోండి. పాత ఇంజన్ మీ సమయం అడుగుతుంది. అది ఇవ్వడం ఇష్టమైనవాళ్లకే అది సంతోషం.

భీమిలి నుంచి: బాబాయి దగ్గర కిరసనాయిలుతో నడిచే పాత అవుట్‌బోర్డ్ ఉంది. తెప్ప అమ్మేశాక ఇంజన్ షెడ్డులో పడేశారు. విదేశాల్లో పాత ఇంజన్లకి గిరాకీ అంటున్నారు, మాకూ రేటు వస్తుందా?

ఆశ పెట్టుకోకండి. అక్కడ గిరాకీ ఉన్నది సరదాగా దాచుకునేవాళ్ల వల్ల. మన తీరంలో ఇంజన్ రోజూ సముద్రంలో కష్టపడి అరిగిపోయి ఉంటుంది, కొనేవాళ్లు విడిభాగాల లెక్కే చూస్తారు. ముందు ప్లగ్గు తీసి రెండు చుక్కల ఆయిల్ వేసి చేత్తో తిప్పి చూడండి. స్వేచ్ఛగా తిరిగితే మెకానిక్‌కి చూపించి అమ్మండి, పట్టేసి ఉంటే తాడుతో బలంగా లాగి ఇంకా పాడుచేయకండి.

మళ్లీ వాడే ఉద్దేశం ఉంటే ఒక సంగతి బాబాయి గారికి తెలిసే ఉంటుంది, మీరూ తెలుసుకోండి. వీటిని పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలుకి మారుస్తారు. ఆపేముందు మళ్లీ పెట్రోల్‌కి మార్చి కాసేపు తిప్పాలి. లేకపోతే కార్బ్యురేటర్‌లో కిరసనాయిలు మిగిలి మర్నాడు స్టార్ట్ కాదు. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపులు, వాషర్లు దానికి ఉబ్బి మెత్తబడే ప్రమాదం ఉంది. వాటిని మార్చాకే పెట్రోల్ పోయండి.

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా నుంచి: సీగల్ ఒకటి తెప్పించుకుని టాహో సరస్సులో తిప్పుదామని ఉంది. కుదురుతుందా?

కుదరదు. కార్బ్యురేటర్ ఉన్న టూస్ట్రోక్ ఇంజన్ల మీద టాహోలో 1999లోనే నిషేధం మొదలైంది. ఆ నిషేధం సరైనదే అని నా అభిప్రాయం. ఈ ఇంజన్లలో కొంత పెట్రోల్, ఆయిల్ కాలకుండానే పొగగొట్టంలోంచి నీళ్లలోకి పోతాయి. 10:1 పాళ్లతో అయితే నీటి మీద రంగుల పొర కంటికే కనిపిస్తుంది. తాగునీటి చెరువుల్లో, చేపలు గుడ్లు పెట్టే నిశ్చలమైన నీళ్లలో వీటిని దించకూడదు. మిగతా చోట్ల కూడా ముందు స్థానిక నిబంధనలు చూసుకోండి.

హైదరాబాద్ నుంచి: మా అన్నయ్య లండన్ నుంచి ఒక సీగల్ ఫొటో పంపాడు. ఫొటో చూసి మోడల్, ధర చెప్పే యాప్ ఏదైనా ఉందా?

గూగుల్ లెన్స్ లాంటివి అది సీగల్ అని చెప్పగలవు, అంతకు మించి నమ్మకండి. దశాబ్దాల పాటు బయటి రూపం పెద్దగా మారలేదు, మోడళ్లన్నీ ఫొటోలో ఒకేలా ఉంటాయి. ఇంజన్ ఒంటి మీద చెక్కిన నంబరు ఫొటో తీసి పంపమనండి. అక్షరాలు, అంకెలని బట్టి మోడల్, కాలం తేల్చే పట్టికలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. సుద్ద రుద్దితే అరిగిన అంకెలు కూడా ఫొటోలో తేలతాయి. ధర దగ్గరికొస్తే, ఫార్టీ వరుసలోవి చాలా తయారయ్యాయి కాబట్టి మామూలుగా ఎక్కువ పలకవు. ఇత్తడి ట్యాంకు సొట్టల్లేకుండా ఉంటే, లేదా యుద్ధానికి ముందు మార్‌స్టన్ చేసినదైతే లెక్క మారుతుంది. పాత పెయింటు గీకి తళతళలాడేలా పాలిష్ చేయొద్దని మీ అన్నయ్యకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.