సీసా అడుగున మిగిలింది పారబోయకు

చిన్నా,

మీ వీధిలో ఇరవై ఇళ్ల కుళాయి నీళ్లు పట్టి, వాటిలో సీసం, రాగి ఎంత ఉన్నాయో పరీక్ష చేయిస్తున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. నీళ్లు పట్టడంలో ఏముందిలే అనుకుంటావు నువ్వు. నేను ముప్పై ఏళ్లు నీటి ల్యాబ్‌లో పనిచేశాను. మిషన్ తప్పు చెప్పడం ఎప్పుడో గాని చూడలేదు. తప్పంతా కుళాయి దగ్గరే జరుగుతుంది.

ల్యాబ్ వాళ్లు ఇచ్చిన వెడల్పు మూతి లీటరు సీసాలే వాడు. వంటింట్లో, చన్నీళ్ల కుళాయి దగ్గరే పట్టు. ఫిల్టర్‌లోంచి వచ్చిన నీళ్లు వద్దు. ఏ ఇల్లు, ఏ తేదీ, ఎన్ని గంటలకు అన్నది అక్కడే నిలబడి సీసా మీద రాయి. ఇంటికొచ్చి రాద్దామనుకోకు.

నీళ్లు పట్టే ముందు కనీసం ఆరు గంటలు ఆ ఇంట్లో ఎవరూ ఏ కుళాయీ తిప్పకూడదు. బాత్‌రూమ్‌లో కూడా. శుద్ధి కేంద్రం నుంచి బయల్దేరేటప్పుడు నీళ్లలో సీసం ఉండదు, ఉన్నా బహు తక్కువ. దారిలో సీసపు గొట్టం, అతుకుల దగ్గర పెట్టిన పాత టంకం, ఇత్తడి కుళాయి, వీటి నుంచి దిగుతుంది. నీళ్లు ఎంతసేపు నిలిస్తే అంత దిగుతుంది. అందుకే తెల్లవారి వచ్చే మొదటి లీటరు మనకు కావాలి. నీకు మంచి నీళ్లు ఇద్దామని ఇంటివాళ్లు కాసేపు వదిలేసి పిలుస్తారు, ముందే చెప్పి ఉంచు. ఆ మొదటి లీటరులో కుళాయి, దాని చుట్టుపక్కల సంగతి తెలుస్తుంది. వీధిలోంచి వచ్చే గొట్టం సంగతి నాలుగో ఐదో లీటరుకు గాని బయటపడదు. అనుమానం ఉన్న ఇంట్లో కుళాయి కట్టకుండా వరసగా సీసాలు నింపు.

ఇక నన్ను రాత్రి నిద్రపోనివ్వని సంగతి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక ఇంట్లో నెలల పిల్లాడు, సీసాపాలు తాగుతున్నాడు. ఆ నీళ్లు నేనే పట్టాను. అంతా పద్ధతిగానే చేశాను. ల్యాబ్‌కు తెచ్చి చూస్తే సీసా అడుగున బూడిద రంగు నలుసులు నాలుగైదు కనిపించాయి. మట్టి అనుకున్నాను. శుభ్రంగా పని చేస్తానని నాకు పేరు. ఆ నలుసులు కదలకుండా పైన తేరిన నీళ్లు ఇంకో సీసాలోకి వంపి, దానికి యాసిడ్ కలిపి పరీక్షకు పంపాను. మొదటి సీసా సింకులో కడిగేశాను. లీటరుకు 3 మైక్రోగ్రాములు అని వచ్చింది. నేనే వెళ్లి ఆ తల్లితో చెప్పాను, నిశ్చింతగా ఉండమ్మా అని.

మూడు నెలలకు ఆ పిల్లాడి రక్తంలో సీసం బయటపడింది. ఆవిడ తనే ఇంకో సీసా నీళ్లు పట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది. మా పెద్ద సారు ఆ సీసాను కదిలించకుండా అందులోనే యాసిడ్ పోసి, రాత్రంతా ఉంచి, మర్నాడు వేడి చేసి చూశారు. నలుసులు కరిగిపోయాయి. 87 వచ్చింది. అవి మట్టి కాదు నాన్నా, గొట్టం లోపల కట్టిన సీసపు పెచ్చులు. కుళాయి మూతికి ఉండే జాలీ విప్పితే అందులో ఇంకా ఉన్నాయి. నేను సింకులో కడిగేసింది అసలు జవాబునే. ఆవిడ నన్ను తిట్టలేదు. "మీరు బాగున్నాయన్నారు కదండీ" అని మాత్రం అడిగింది. తర్వాత వాళ్లు ఇల్లు మారిపోయారు. ఆ పిల్లాడు నీకంటే నాలుగేళ్లు పెద్ద. నిన్ను చూసినప్పుడల్లా గుర్తొస్తాడు.

కాబట్టి నీళ్లు ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి వంపకు. నలుసులు కనిపిస్తే ల్యాబ్‌కు రాసి ఇవ్వు, యాసిడ్‌తో కాచి చూస్తారు. జాలీ విప్పకు, కుళాయిని రోజూ తిప్పినంత ధారగా తిప్పు. సన్నగా వదిలితే పెచ్చులు ఊడి రావు. జాలీ విప్పడం, ముందురోజు రాత్రి గొట్టాలు కడగడం, సన్నమూతి సీసాలు, ఈ మూడూ వద్దని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ కూడా 2016లో చెప్పింది. అక్కడి ఫ్లింట్ నగరంలో కుళాయి నీళ్లలో సీసం దిగి అంత జరిగాక చెప్పింది.

యాసిడ్ నువ్వు ముట్టుకోకు. అది నైట్రిక్ యాసిడ్, చేతులు కాలతాయి. సీసా గోడకు అంటుకున్న సీసం మళ్లీ నీళ్లలోకి రావడానికి దాన్ని కలుపుతారు. 14 రోజుల్లోపు కలపాలి, కలిపాక కనీసం 16 గంటలు ఆగాలి. అదంతా ల్యాబ్ చూసుకుంటుంది, నువ్వు ఆలస్యం చేయకుండా అందించు చాలు. టీడీఎస్ మీటర్ కొన్నావట, మీ అమ్మ చెప్పింది. అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చెబుతుంది, సీసం ఎంతో విడిగా చూపించదురా. దాన్ని నమ్మి ఎవరికీ ఏమీ చెప్పకు.

రాగి గురించి నాకు అంత భయం లేదు. అది తనంతట తనే కనిపిస్తుంది. సింకులో నీలం, పచ్చ కలిసిన మరక, నోట్లో లోహపు రుచి, ఎక్కువైతే వాంతులు. కొత్త రాగి గొట్టాలు వేసిన ఇంట్లో తప్పక చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రాగికి పెట్టిన హద్దు లీటరుకు 2000 మైక్రోగ్రాములు, సీసానికి 10. ఆ తేడా చూస్తే నా భయం నీకు అర్థమవుతుంది. సీసానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

రిపోర్టు తక్కువ వచ్చిన ఇంట్లో "ఈ సీసాలో ఇంత వచ్చింది" అని చెప్పు. పెచ్చు ఒకరోజు ఊడుతుంది, ఒకరోజు ఊడదు. పసిపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు ఉన్న ఇళ్లలో రెండోసారి, మూడోసారి పట్టు. నీకు విసుగొస్తుంది, వాళ్లకూ వస్తుంది. అయినా పట్టు.

తెల్లవారుజామున లేస్తావు, ఏదైనా తిని వెళ్లు. ఇరవై సీసాలు ఒక్కసారే మోయకు. మొదటి ఇంటికి వెళ్లే ముందురోజు రాత్రి నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే. మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ