పైక్ ఏ డిపార్ట్‌మెంటో వెతక్కు

సందేహం: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఐటీ ఉద్యోగం. ఈ దేశంలో ఇదే నా మొదటి చలికాలం. టీమ్‌లో నలభై దాటిన ఇంగ్లిష్ వాళ్లు పాత టీవీ కామెడీల డైలాగులు చెప్పుకుని పడీపడీ నవ్వుతుంటారు. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అవన్నీ కూర్చుని చూడాలా? కొన్నింటిలో మనవాళ్లను వెక్కిరించారని విన్నాను. వాళ్లతో పాటు నవ్వాలా, ఊరుకోవాలా?

జవాబు: తమ్ముడూ, అడగడానికి నీకు మనుషులున్నారు, అదృష్టవంతుడివి. మా రోజుల్లో ఆ దిక్కు కూడా లేదు. కొత్తలో ఒక మీటింగులో, రాత్రి సాఫ్ట్‌వేర్ బిల్డ్ పాడుచేసిందెవరని మేనేజరు అడిగాడు. వెనక నుంచి ఒకాయన “డోంట్ టెల్ హిమ్, పైక్!” అన్నాడు. గదంతా గొల్లుమంది. నేనూ ఇకిలించాను. తర్వాత సీటుకొచ్చి, ఈ పైక్ ఏ డిపార్ట్‌మెంటో అని కంపెనీ డైరెక్టరీ అంతా గాలించాను. బిల్డ్ పోయిందంటే టెస్టింగ్ చేసిన నామీదికి వస్తుంది కదా, అతన్నే పట్టుకుని కనుక్కుందామని. పక్క సీటు ఆవిడ చూసి విషయం చెప్పేసరికి సాయంత్రమైంది.

పైక్ ‘డాడ్స్ ఆర్మీ’లో కుర్రాడు. 1968 నుంచి 1977 దాకా బీబీసీలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో, సైన్యంలోకి తీసుకోని ముసలివాళ్లూ కుర్రాళ్లూ కలిసి సముద్రం ఒడ్డున ఊరికి కాపలా కాసే కథ. పట్టుబడిన జర్మన్ అధికారి ఆ కుర్రాడి పేరు అడిగితే, ‘చెప్పకు పైక్’ అని కెప్టెనే బయటపెట్టేస్తాడు. అంతే జోకు. యాభై ఏళ్లుగా ఈ దేశం దానికే నవ్వుతోంది.

ఆ రోజుతో నాకు పంతం పట్టింది. డీవీడీలు కొని, ఎంసెట్‌కి చదివినట్టు బట్టీ పట్టాను. హోటలు కామెడీ ‘ఫాల్టీ టవర్స్’ మొత్తం 12 ఎపిసోడ్లే, రెండు వీకెండ్ల పని. ‘ఎస్ మినిస్టర్’కి అసలు కష్టపడనక్కర్లేదు. హైదరాబాద్ సెక్రటేరియట్‌లో ఒక్క ఫైలు కోసం తిరిగినవాడికి అందులో మంత్రిని ఆడించే పెద్ద అధికారి సర్ హంఫ్రీ ముందే తెలుసు. వాటిలో ఏమాత్రం వయసు మీద పడనిది అదే.

ఇంత చదివి చేసిన ఘనకార్యం విను. లంచ్‌లో “నీకేది ఇష్టం?” అని అడిగారు. ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ అన్నాను. మనకు అది ఇంట్లో మనిషిలాంటిది, హిందీలో ‘జబాన్ సంభాల్ కే’గా కూడా వచ్చింది కదా. ఊరుకోక అందులో సర్దార్జీ యాసలో రెండు మాటలు వినిపించాను. టేబుల్ దగ్గర ఎవరూ నవ్వలేదు. ఒకాయన శాండ్‌విచ్ వైపే చూస్తూ కూర్చున్నాడు. లండన్‌లో ఇంగ్లిష్ నేర్చుకునే విదేశీయుల మీద జోకులది. ఇంగ్లిష్ వాళ్లు నలుగురిలో తలుచుకోవడానికి సిగ్గుపడే సీరియల్. సిగ్గుపడాల్సింది వాళ్లా, నేనా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

‘ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్’ ఇంకా ముదురు. మన దేవలాలీలో బ్రిటిష్ సైనికుల నాటక బృందం కథ. రంగీరామ్ అనే బేరర్ వేషం మైఖేల్ బేట్స్ అనే తెల్లాయన మొహానికి రంగు పూసుకుని వేశాడు. పుట్టింది ఝాన్సీలోనేలే, ఉర్దూ వచ్చు. అయినా ఇప్పుడు బీబీసీ దాన్ని వెయ్యదు. ‘ఫాల్టీ టవర్స్’లో జర్మన్ల ఎపిసోడ్‌నైతే 2020 జూన్‌లో యూకేటీవీ స్ట్రీమింగ్‌లోంచి తీసి, గొడవయ్యాక హెచ్చరిక తగిలించి మళ్లీ పెట్టింది. తియ్యక్కర్లేదనే నా ఉద్దేశం. అందులో వెధవ అయ్యేది హోటలు యజమాని బేసిలే. నాకు ఇప్పుడు చూడబుద్ధి కానిది మాన్యుయెల్‌ని. బార్సిలోనా నుంచి వచ్చిన వెయిటర్, భాష సరిగా రాదు, యజమాని అస్తమానం మొట్టుతుంటాడు. కొత్తలో ఎగిరెగిరి నవ్వాను. ఒకసారి మేనేజరు నా ఉచ్చారణ సరిచేసిన రోజు రాత్రి ఆ డీవీడీయే పెట్టి, మధ్యలో ఆపేశాను. ఆ వేషం వేసిన ఆండ్రూ సాక్స్ కూడా చిన్నప్పుడు, 1938లో, నాజీలకు భయపడి కుటుంబంతో బెర్లిన్ వదిలి వచ్చినవాడే.

నువ్వు అడిగింది నవ్వు గురించి. నాకు మాత్రం నీ మొదటి చలికాలం మీదే బెంగ. నాలుగు కాకముందే చీకటి పడుతుంది. అద్దె గదిలో టీవీలోంచి వచ్చే నవ్వులు వింటూ అన్నం తిన్నవాణ్ణి నేను. మనుషులున్నట్టే ఉంటుంది, స్విచ్ ఆపితే ఎవరూ ఉండరు. 1996 డిసెంబర్ 29న ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’ని 2.43 కోట్ల మంది చూశారు. పెకమ్‌లో చిల్లర వ్యాపారం చేసే అన్నదమ్ములు కోటీశ్వరులైన ఎపిసోడ్ అది. మీ టీమ్ వాళ్లు దాన్ని నాన్నతోనో తాతతోనో ఒకే సోఫాలో కూర్చుని చూసి ఉంటారు. అందుకని డైలాగులు బట్టీ పట్టొద్దు, దొంగ నవ్వు నవ్వొద్దు. “ఇది ఎవరితో చూసేవాళ్లు?” అని అడుగు. నేనలా అడిగాకే ఆ శాండ్‌విచ్ పెద్దమనిషి వాళ్ల నాన్న గురించి గంటసేపు చెప్పాడు. బదులుగా నేను, కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే కోట శ్రీనివాసరావు గురించి చెప్పాను. అసలు సినిమా చూడకుండానే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

పక్కింట్లో ముసలావిడ ఎవరైనా ఉన్నారా? ‘డాడ్స్ ఆర్మీ’ ఎప్పుడు వేస్తారో కనుక్కుని, బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని వెళ్లు. వాళ్లకూ పలకరించేవాళ్లు తక్కువే.

టీవీ లైసెన్స్ సంగతి వెబ్‌సైట్‌లో చూసుకో. లైవ్ ఛానెల్‌కీ, నెట్‌లో బీబీసీ చూపించే ఐప్లేయర్‌కీ కావాలి, డీవీడీకి అక్కర్లేదు. క్రిస్మస్ రోజు మాత్రం ఒక్కడివీ గదిలో ఉండకు. రైళ్లుండవు, చాలాచోట్ల బస్సులూ ఉండవు. కారున్న మనవాణ్ణి ఎవర్నైనా ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. పాలు, పెరుగు ముందురోజు సాయంత్రానికే కొని ఫ్రిజ్‌లో పెట్టు.