కొత్త స్టీరియో వెలుగుతోంది, స్పీకర్లు పలకట్లేదు – సమాధానం

అమలాపురం తమ్ముడూ, కారులో కొత్త స్టీరియో పెట్టించాక డిస్‌ప్లే వెలుగుతోంది, నాలుగు స్పీకర్లలో ఒక్కటీ పలకట్లేదు, మెకానిక్ స్పీకర్లు మార్చమన్నాడు అన్నావు. ఆగు, డబ్బులు తగలెయ్యకు. నాలుగూ ఒక్కరోజే పోతాయా ఎక్కడైనా?

సీటు కింద కంపెనీ ఆంప్లిఫయర్ (స్పీకర్లకి సౌండు పెంచి పంపే పెట్టె, ఆంప్ అంటాం) ఉందన్నావుగా, అది నిద్ర లేచినట్టు లేదు. లేవాలంటే దాని రిమోట్ వైరుకి 12 వోల్టులు అందాలి. స్టీరియో వెనక నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు సాధారణంగా అందుకే. ఒట్టి నీలం వైరు యాంటెన్నాది, చాలా సెట్లలో రేడియో పెడితేనే కరెంటిస్తుంది. భీమవరంలో మా బావమరిది బండికి నేనే ఆ పొరపాటు చేశా. రేడియో బ్రహ్మాండంగా పాడేది, బ్లూటూత్ పెడితే మూగనోము!

మల్టీమీటరు నల్ల పుల్ల బాడీ ఇనుముకి, ఎర్రది ఆంప్ దగ్గర రిమోట్ పిన్నుకి ఆనించి చూడు. 12 దరిదాపుల్లో ఉన్నా పలకకపోతే ఆంప్ ఫ్యూజు, ఎర్తు చూడు. మన ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టేస్తాయి, ఆయ్.

సిగ్నల్ సంగతి మాత్రం జాగ్రత్త. ఆంప్ ఏ ఇన్‌పుట్ తీసుకుంటుందో ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్‌లో చూడు. తక్కువ వోల్టేజీ సిగ్నల్ తీసుకునేదైతే స్టీరియో వెనక ఉండే ఆర్‌సీఏ (గుండ్రటి ఆడియో సాకెట్లు) నుంచే ఇవ్వాలి; స్పీకర్ వైర్లు నేరుగా కలిపితే పాట చితికిపోయి వస్తుంది, ఆంప్ కూడా పాడవ్వచ్చు. ఆంప్‌కి ఆప్టికల్ కేబుల్ (సిగ్నల్‌ని వెలుగు రూపంలో పంపేది) వస్తుంటే ఇవేవీ పనికిరావు, దానికి సిగ్నల్ మార్చి ఇచ్చే వేరే ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ కావాలి. ముందు మీటరు రీడింగ్ చెప్పు, మిగతాది తర్వాత చూద్దాం.