ఎన్‌బీఏ స్కోరు పట్టికలో పాయింట్ల పక్కనున్న అంకెలను ఎలా చదవాలి?

నమస్కారమండీ. గాజువాకలో ఇంటర్ చదువుతున్న మీ అబ్బాయి పొద్దున్నే ఫోన్‌లో ఎన్‌బీఏ (అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) ఫలితాలు చూసి, ఎక్కువ పాయింట్లు చేసినవాడే గొప్ప ఆటగాడని అంటున్నాడనీ, అలాగైతే పట్టికలో ఇన్ని వరుసల అంకెలు ఎందుకని మీకు సందేహం కలిగిందనీ రాశారు. మీ సందేహం సరైనదే. విశాఖపట్నంలో కళాశాలల మధ్య జరిగే బాస్కెట్‌బాల్ పోటీలకు స్కోరు బల్ల దగ్గర కూర్చుని లెక్క రాసిన అనుభవంతో ఈ జవాబు ఇస్తున్నాను.

మన పోటీల్లో వాడే స్కోరు షీటు అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫిబా నమూనాలో ఉంటుంది. అందులో బుట్టలో పడిన బంతికి మాత్రమే చోటుంటుంది. మామూలు బుట్టకు అంకె మీద ఒక ఏటవాలు గీత, ఫ్రీ త్రోకు (ఫౌలు జరిగినప్పుడు అడ్డు లేకుండా వేయనిచ్చే ఒక పాయింటు షాట్) నింపిన చుక్క, దూరపు గీత అవతలి నుంచి వేసిన మూడు పాయింట్ల బుట్టకు ఆటగాడి నంబరు చుట్టూ సున్న, వీటితోపాటు ఫౌళ్లు, టైమ్‌అవుట్లు రాస్తాం. తప్పిన షాట్ ఆ కాగితంలో ఎక్కడా నమోదు కాదు. ఆట ముగిశాక షీటు చూసినవారికి ఇరవై పాయింట్లు చేసిన కుర్రవాడు కనిపిస్తాడు గాని, వాటి కోసం అతడు ఎన్నిసార్లు బంతి విసిరాడో కనిపించదు. ఉత్తమ ఆటగాడి బహుమతిని ఆ మొత్తం ఒక్కటే చూసి నిర్ణయించడం నాకు మనసొప్పక, పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని తప్పిన షాట్లను కూడా గీతలుగా రాయడం మొదలుపెట్టాను. ఆ పుస్తకం ప్రకారం చూస్తే ఆటగాళ్ల వరుస చాలాసార్లు మారిపోయేది. ఎన్‌బీఏ పట్టిక విలువంతా ఇక్కడే ఉందని నా నమ్మకం, ఎందుకంటే అది పడినవాటితోపాటు తప్పినవాటినీ చెబుతుంది.

ఒకే మొత్తానికి చేరిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూపిస్తాను. 2016 ఏప్రిల్ 13న కోబీ బ్రయంట్ తన చివరి ఆటలో యూటా జాజ్ జట్టు మీద 60 పాయింట్లు చేశాడు. అదే ఏడాది డిసెంబరు 5న క్లే థాంప్సన్ ఇండియానా పేసర్స్ జట్టు మీద సరిగ్గా 60 పాయింట్లే చేశాడు. పాయింట్ల గడి వరకే చూస్తే ఇద్దరూ సమానం. ఇప్పుడు ‘ఎఫ్‌జీ’ అనే గడి చూడండి. అది ఫీల్డ్ గోల్, అంటే ఆట నడుస్తుండగా విసిరిన షాట్ల లెక్క. కోబీకి అక్కడ 22-50 అని ఉంటుంది, అంటే 50 విసిరితే 22 పడ్డాయి. థాంప్సన్‌కు 21-33 అని ఉంటుంది. కోబీ ఆడింది 42 నిమిషాలు, థాంప్సన్ ఆడింది 29 నిమిషాలు.

మొదటిసారి పట్టిక చదివేవారు తడబడేది తర్వాతి గడి దగ్గర. మూడు పాయింట్ల షాట్లను చూపే ‘త్రీపీ’ గడిలో థాంప్సన్‌కు 8-14 అని కనిపిస్తే, అవి ఆ 21-33కు అదనం అనుకుంటారు. కాదు, అవి ఆ లెక్కలోనే కలిసి ఉన్నాయి. 21 బుట్టలకు రెండేసి చొప్పున 42, వాటిలో మూడు పాయింట్ల బుట్టలు ఎనిమిది కాబట్టి ఇంకో 8 కలిపితే 50, ఆపైన ‘ఎఫ్‌టీ’ గడిలో 10-11 అని ఉన్న ఫ్రీ త్రోల నుంచి వచ్చిన 10 కలిపితే 60. మీ అబ్బాయి చేత ఏదో ఒక ఆటగాడి వరుసను ఇలా కూడించి చూడండి. మొత్తం సరిపోయిందంటే పట్టికలో సగం అతడికి వచ్చినట్టే.

షాట్లు, ఫ్రీ త్రోలు వేర్వేరు గడుల్లో ఉండడం వల్ల ఉత్త శాతం చూసి పోల్చడం కుదరదు. అందుకే ‘ట్రూ షూటింగ్’ అనే కొలత పుట్టింది. విసిరిన షాట్ల సంఖ్యకు ఫ్రీ త్రో ప్రయత్నాలను 0.44తో గుణించి కలపాలి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించాలి. ఫ్రీ త్రోలు చాలావరకు రెండేసి చొప్పున వస్తాయి గనుక 0.5 ఉండాలి కదా అనిపిస్తుంది. కాని బుట్ట పడిన తర్వాత అదనంగా ఇచ్చే ఒక్క ఫ్రీ త్రో, టెక్నికల్ ఫౌలుకు (దురుసు ప్రవర్తన వంటి తప్పుకు) ఇచ్చేది వంటివి జట్టు చేత ఇంకో దాడి అవకాశాన్ని ఖర్చు పెట్టించవు కాబట్టి కొంచెం తగ్గించారు. ఈ లెక్కన కోబీ 60 పాయింట్లకు సుమారు 54 శాతం, థాంప్సన్ 60 పాయింట్లకు సుమారు 79 శాతం వస్తుంది.

క్రికెట్ తెలిసిన మనకు ఇది కొత్త ఆలోచన కాదు. 2005 ఏప్రిల్ 5న మన మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ చేసిన 148 పరుగులను తలుచుకునే ప్రతి ఒక్కరూ ‘123 బంతుల్లో’ అని చేర్చే చెబుతారు. బంతుల సంఖ్య లేకుండా పరుగులు చెబితే ఆ ఇన్నింగ్స్ స్వభావం తెలియదు. బాస్కెట్‌బాల్‌లో షాట్ల సంఖ్య చేసే పని అదే.

ఇలా చెప్పానని శాతమే సర్వస్వం అనుకోకండి. బుట్ట కిందే నిలబడి, సులువైన షాట్లు మాత్రమే వేసే పొడవాటి ఆటగాడికి శాతం ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి జట్టుకు ఇచ్చే 24 సెకన్ల గడియారం అయిపోతుంటే, ఎవరికీ దారి దొరకనప్పుడు బంతి అందుకుని కష్టమైన షాట్ వేయాల్సివచ్చే ఆటగాడికి అది తగ్గుతుంది. అందువల్ల ఎన్ని షాట్ల భారం మోశాడో, ఆ భారంతో ఎంత శాతం నిలబెట్టుకున్నాడో రెండూ కలిపి చూడాలి. నా దృష్టిలో మంచి స్కోరర్ అంటే ఆ రెండూ ఒకేసారి ఎక్కువగా ఉన్నవాడు.

మిగిలిన గడుల విషయానికి వస్తే, రీబౌండ్లను రెండుగా విడదీసి ఇస్తారు. ఎదుటి జట్టు తప్పిన షాట్‌ను పట్టుకుంటే డిఫెన్సివ్, తన జట్టు తప్పిన షాట్‌నే మళ్లీ పట్టుకుంటే ఆఫెన్సివ్. రెండో రకం తక్కువగా వస్తుంది, అది పోయిన అవకాశాన్ని తిరిగి తెస్తుంది, కాబట్టి నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను. అసిస్ట్ అంటే నేరుగా బుట్టకు దారితీసిన పాస్. పాస్ ఎంత చక్కగా ఇచ్చినా అందుకున్నవాడు తప్పితే అసిస్ట్ రాదు. దాని పక్కనే టర్నోవర్లు, అంటే బంతిని ఎదుటివారికి పోగొట్టుకున్న సందర్భాలు కూడా చూడాలి. పది అసిస్టులు, రెండు టర్నోవర్లు ఉన్నవాడికీ, పది అసిస్టులు, ఎనిమిది టర్నోవర్లు ఉన్నవాడికీ చాలా తేడా ఉంది. పాత ఆటగాళ్ల వరుసల్లో కొన్ని గడులు ఖాళీగా ఉంటే ఆశ్చర్యపోవద్దు. స్టీల్స్ (ఎదుటివారి నుంచి బంతి లాక్కోవడం), బ్లాకులను (ఎదుటివారి షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం) ఎన్‌బీఏ 1973-74 నుంచి, వ్యక్తిగత టర్నోవర్లను 1977-78 నుంచి మాత్రమే అధికారికంగా నమోదు చేస్తోంది. అందుకే 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ 100 పాయింట్లు చేసిన ఆటలో అతడి బ్లాకులు ఎన్నో అధికారిక లెక్క లేదు.

చివరన ‘ప్లస్-మైనస్’ అని ఒక గడి ఉంటుంది. ఆ ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు అతడి జట్టు ఎన్ని పాయింట్లు ముందుకు వెళ్లింది లేదా వెనకబడింది అనేదే ఆ అంకె. అది పక్కనున్న నలుగురి మీద, ఎదురుగా ఉన్న ఐదుగురి మీద కూడా ఆధారపడుతుంది. ఒక్క ఆటలో అది -12 అని ఉన్నంత మాత్రాన ఆ ఆటగాడిని తప్పుపట్టడం అన్యాయం. సీజన్ మొత్తం కలిపి చూసినప్పుడే దానికి కొంత అర్థం వస్తుంది.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఆట శీతాకాలంలో మనకు మర్నాడు ఉదయం ఆరు గంటలకు మొదలవుతుంది, పట్టిక మీద మాత్రం వారి తేదీయే ఉంటుంది. అలాగే మీ అబ్బాయి తన కళాశాల జట్టు అంకెలను ఎన్‌బీఏ అంకెలతో పోల్చదలిస్తే, అక్కడ ఆట 48 నిమిషాలు, ఫిబా నియమాల ప్రకారం 40 నిమిషాలు అని గుర్తుంచుకోవాలి. ఆరో ఫౌలుతో అక్కడ ఆటగాడు బయటకు వెళతాడు, ఇక్కడ ఐదో ఫౌలుతోనే వెళ్లాలి. మూడు పాయింట్ల గీత అక్కడ నడిమి భాగంలో 7.24 మీటర్ల దూరంలో ఉంటే ఇక్కడ 6.75 మీటర్లు. మొత్తాలను యథాతథంగా పోల్చకుండా ఆడిన నిమిషాలతో భాగించి పోల్చమని చెప్పండి.